పండగకు తుడిచిన గొంతు

బెంగళూరు మహదేవపురలో రింగు రోడ్డుకు కాస్త లోపలగా, రెండు పెద్ద టెక్ పార్కుల గోడల మధ్య ఒక పాత పెంకుటిల్లు ఉండేది. ఎవరు చూసినా ఈ ఇల్లు ఇంకా అమ్ముడుపోలేదేమిటా అనుకునేవారు. ఇంటావిడ దాన్ని చూపులేని పిల్లల పేరున రాసిచ్చి కన్నుమూసింది. ఆ పుణ్యాత్మురాలి పేరుతో నడిచే చిన్న ట్రస్టులో పాఠ్యపుస్తకాలు బిగ్గరగా చదివి, రికార్డు చేసి, క్యాసెట్లకు ఎక్కించి, పల్లెల్లోని అంధ విద్యార్థులకు పోస్టులో పంపేవారు. అక్కడి యంత్రాల మంచీచెడ్డా చూసుకునే మనిషి ఓబులేష్.

అతనిది బాగేపల్లి తాలూకాలో చేళూరు పక్కన ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం. పదో తరగతితో చదువు ఆగింది. తండ్రి కదిరి నరసింహస్వామి భక్తుడు, ఊళ్ళో భజన గుంపును నడిపించేవాడు. ఆ గుంపు టేపురికార్డరు పాడైనప్పుడల్లా విప్పి బాగుచేయడం ఓబులేష్ వంతు. ఆ విద్యే పట్టుకుని తొంభైలో బెంగళూరు వచ్చి, క్యాసెట్లు నింపే చిన్న కర్మాగారంలో చేరాడు. ఆరేళ్ళు రీళ్ళు చుట్టాడు. యంత్రం తిరిగే చప్పుడు విని, రీలు ఎక్కడ నలిగిందో చూడకుండానే చెప్పగలిగేవాడు. ఆ కర్మాగారం మూతపడ్డాక ట్రస్టువారు పిలిచి పనిచ్చారు.

జీతానికి చేసే పని కొంత, జీతం లేకుండా చేసే పని అంతకన్నా ఎక్కువ. క్యాసెట్టు మీద పేరు రాస్తే చూపులేని పిల్లకు ఏం తెలుస్తుంది? అందుకని మందపాటి కాగితం మీద సూదితో చుక్కలు పొడిచి, ఒక్కో క్యాసెట్టుకూ బ్రెయిలు చీటీ అంటించేవాడు. ఆ కాగితం కోసం పాత పెళ్ళిపత్రికలు దాచేవాడు. వీధి చివర టీ అంగడి గురప్ప, ఇస్త్రీ బండి అలివేలు, ఎవరింటికి పెళ్ళిపత్రిక వచ్చినా పెళ్ళయిపోగానే తెచ్చి ఓబులేష్‌కు ఇచ్చేవారు. ఎక్కడో సిరా తాలూకా పల్లెలో ఒక పిల్ల, భూగోళం పాఠం కోసం ఎవరి పెళ్ళిపత్రికనో వేళ్ళతో తడుముకుంటూ ఉండేది. ఇలాంటివి దేవుడి లెక్కలో పడతాయని ఓబులేష్ నమ్మకం.

రెండువేల మూడులో ఒక కంపెనీ తన పాత సర్వరును ట్రస్టుకు దానమిచ్చింది. దాన్ని నిలబెట్టి పని నేర్పింది గిరిధర్. గుంటూరు వైపు కుర్రాడు, కుందలహళ్ళి దగ్గర ఆఫీసులో ఉద్యోగం, శనివారాలు ఇక్కడికొచ్చి ఊరకే సాయం చేసేవాడు.

"ఓబులేష్ గారూ, ఇందులో రెండు డిస్కులున్నాయండీ. ఒకదాని మీద ఏది రాస్తే రెండోదాని మీద కూడా అదే సెకన్లో అదే పడుతుంది. దీన్నే మిర్రరింగ్ అంటారు."

"కాడికి కట్టిన ఎద్దుల మాదిరి."

"కరెక్ట్! ఒకటి కూలబడితే రెండోది బండి లాగుతుంది. కానీ బండాయన దారి తప్పితే రెండూ కలిసే గోతిలో పడతాయి. మీరు ఒకటి చెరిపేస్తే రెండు చోట్లా చెరిగిపోద్ది. అందుకని మిర్రర్‌ని నమ్ముకుని బ్యాకప్ మానేయకండి."

బ్యాకప్ తీసేది టేపు మీదికి. అయితే ఒకవైపు రికార్డింగు నడుస్తుండగా కాపీ తీస్తే, సగం పాతది సగం కొత్తది కలిసి గందరగోళం అవుతుంది. అందుకు స్నాప్‌షాట్ అనే ఉపాయం ఉంది. ఫైళ్ళన్నీ ఆ క్షణాన ఎలా ఉన్నాయో అలాగే పట్టి నిలిపే ఉపాయం. శుక్రవారం సాయంత్రం స్నాప్‌షాట్ తీయాలి, దాని నుంచి టేపు మీదికి కాపీ చేయాలి, ఆ వెంటనే స్నాప్‌షాట్‌ను తీసేయాలి. టేపులు రెండు, ఈ వారం ఒకటి, వచ్చే వారం ఇంకొకటి. ఓబులేష్ రెండేళ్ళపాటు ఒక్క శుక్రవారం కూడా తప్పలేదు.

ఈ స్నాప్‌షాట్ సంగతి ఒకరోజు అతను భాగీరథమ్మకు చెప్పాడు. ఆమె కార్పొరేషన్ బళ్ళో తెలుగు పంతులమ్మగా చేసి రిటైరైంది. కుందలహళ్ళిలో భర్త నంజప్పతో ఉండేది. పిల్లలు లేరు. వారానికి మూడు రోజులు ట్రస్టుకు వచ్చి, ఇతరులు చదివిన పాఠాలను చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని విని, తప్పులు పట్టేది. ఇంకా అర్థం కానిది ఏదైనా వినబడితే అడిగి తెలుసుకునేదాకా ఊరుకునేది కాదు.

"ఏమప్పా, అంత పెద్ద గొడవని ఒక్క నిమిషంలో ఎట్ల నకలు తీస్తుంది అది?"

"నకలు తీయదమ్మా. మీ నల్లబల్ల అనుకోండి. బల్ల మీద పాత గీత ఎవరన్నా తుడిచేదానికి ముందు, ఆ గీతని ఒక పలక మీద ఎక్కించి పెట్టుకుంటాది. పొద్దున బల్ల ఎట్ల ఉండిందో కావాలంటే, తుడవని గీతలు బల్ల మీద, తుడిచిన గీతలు పలక మీద చూసుకోవాల."

"పలక నిండిపోతే?"

"అంతే ఇంక. ఆ నకలు మొత్తం చెల్లదు. ఒక్క గీత తక్కువైనా చెల్లదంటాది."

"గట్టి పంతులే!" అని ఆమె నవ్వింది.

ఆమె నవ్వు గదిలో ఉన్నవాళ్ళందరికీ అంటుకునేది. చదివేవాళ్ళను ఆమె తిట్టినా అంతే. "ఏమప్పా, జాతర్లో టికెట్లు అమ్మినట్ల చదువుతా ఉండావు? అవతల వినేది పిల్లకాయ. సల్ప నిదానం," అనేది. చదవడానికి టెక్ పార్కు నుంచి వచ్చిన ఇంజనీరు సిగ్గుపడి మళ్ళీ మొదటి నుంచి చదివేవాడు. ఇన్ని గొంతులు దిద్దిన మనిషి తాను మాత్రం మైకు ముందు కూర్చోలేదు. ఎంతమంది అడిగినా, "ముప్పయ్యేండ్లు పిల్లకాయల్ని అరిచి అరిచి గరుకైపోయిండాది నా గొంతు, దాన్ని ఎవరు వింటారు," అని తప్పించుకునేది.

రెండువేల ఐదు ఆషాఢంలో ఆ గొంతు నిజంగానే బొంగురుపోయింది. జలుబనుకున్నారు. కషాయాలు తాగింది. తగ్గలేదు. చివరికి పెద్దాసుపత్రిలో పరీక్షలు చేసి, గొంతులో పుట్టిన కాన్సరు గడ్డ స్వరపేటికను పట్టేసిందని, స్వరపేటిక తీసేస్తేనే ప్రాణం నిలుస్తుందని చెప్పారు.

ఆ మరునాడు భాగీరథమ్మ మామూలు వేళకే వచ్చింది. వెనకాల గొడుగు పట్టుకుని నంజప్ప. ఆమె నేరుగా ఓబులేష్ దగ్గరికి వెళ్ళి, పూలు కొనేంత మామూలుగా అడిగింది.

"ఓబులేషప్పా, ఈ గొంతు ఇంక మూడు వారాలే ఉంటాదంట. మా అవ్వ చెప్పిన కథలు తల నిండా ఉండాయి. చిన్న పిల్లకాయలకి చెప్పి పోతా. పట్టుకుంటావా?"

ఓబులేష్ లేచి వెళ్ళి మైకు మీది గుడ్డ తీశాడు.

మూడు వారాల్లో ఆమె ముప్పయ్యొక్క కథలు చెప్పింది. ఏ పుస్తకంలోనూ లేని కథలు. మాట మాటకూ గొంతులో ఇసుక రాలుతున్నట్టుండేది. అలిసిపోతే ఆగేది, దగ్గేది, మళ్ళీ మొదలుపెట్టేది. ఓబులేష్ రికార్డింగు ఆపేవాడు కాదు. ఆపి మళ్ళీ మొదలుపెడితే ఆమెకు తడబాటవుతుందని యంత్రాన్ని నడవనిచ్చి, తరువాత దగ్గులు కత్తిరించుకోవచ్చులే అనుకునేవాడు. గది తలుపు అవతల బెంచీ మీద నంజప్ప చేతిలో పేపరు పెట్టుకుని, ఒక్క పేజీ కూడా తిప్పకుండా కూర్చునేవాడు.

ఆఖరి కథ ముగించిన రోజు ఆమె హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, మైకుకు రెండు చేతులూ జోడించింది. ఆమె అటు వెళ్ళగానే ఓబులేష్ తన నోటుపుస్తకం తెరిచి, ఆమె పేరు పక్కన పచ్చ సిరాతో టిక్కు పెట్టాడు.

ఆ టిక్కు పెట్టకూడదు. అతని పద్ధతిలో టిక్కంటే చదవడం అయిపోయిందని కాదు; దిద్దడం, కత్తిరించడం, క్యాసెట్టుకు ఎక్కించడం అన్నీ అయిపోయాయని. ఇంక ముడి రికార్డింగుతో పనిలేదని. ఆ సంగతి పెట్టిన అతనికే తెలుసు. కానీ ఆ క్షణాన అతని మనసులో ఉన్నది ఒక్కటే: స్వామి దయవల్ల ఆయమ్మ ముగించగలిగింది. చెయ్యి ఆ మాటే రాసింది.

ఆపరేషను అయింది. ప్రాణం దక్కింది. భాగీరథమ్మ మెడ దగ్గర చిన్న రంధ్రం, దానికి అడ్డంగా పలచటి తెల్ల గుడ్డ. మాటల స్థానంలో చిన్న నోటుబుక్కు, పెన్సిలు.

సెప్టెంబరు ఆఖర్లో నంజప్ప ఒక్కడే ట్రస్టుకు వచ్చాడు. చెప్పులు విడిచి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

"కూర్చో నంజప్పన్నా. అమ్మ ఎట్ల ఉండారు?"

"బాగుండాది. అన్నం తింటా ఉండాది. ముగ్గేస్తాది. నేను తువ్వాలు తడిది మంచం మీదేస్తే కన్నెర్రజేస్తాది." ఆగి, నేల చూస్తూ అన్నాడు. "మనిషి ఇంట్లోనే ఉండాది అప్పా. ఇల్లు మాత్రం మూగబోయినాది. నలభై రెండేండ్లు విన్న గొంతు. ఇప్పుడు తల్చుకుంటే ఎట్ల ఉండేదో సరిగ్గా జ్ఞాపకం రాకుండా ఉండాది. అదే భయమైతా ఉండాది. నువ్వు పట్టినావే, దాన్ని ఒక క్యాసెట్టు చేసిస్తావా?"

"ఎంత మాటన్నా! చేసిస్తా. దగ్గులు, ఆగిన చోట్లు అన్నీ తీసేసి, శుభ్రంగా చేసిస్తా. దసరా కానీ, అంతే."

"దగ్గులుంటే ఏమప్పా? ఉండేది ఉన్నట్లే ఇచ్చేయ్."

"అట్ల వద్దన్నా. అమ్మ గొంతు, మంచిగా ఇయ్యాల."

నంజప్ప సరేనని తలూపాడు. పోతూ పోతూ, వాకిట్లో పడి ఉన్న మల్లె తీగను లేపి కర్రకు చుట్టి వెళ్ళాడు.

బెంగళూరులో ఆయుధపూజ అంటే అందరికీ తెలిసిందే. ఆటోకు అరటిపిల్లలు కడతారు, లేతు యంత్రానికి పూలదండ వేస్తారు, పెద్ద పెద్ద కంపెనీల్లో సైతం కంప్యూటర్లకు గంధం బొట్లు పెడతారు. పూజకు ముందు నాడు అంతా దులిపి కడగాలి. పూజ నాడు, విజయదశమి నాడు పనిముట్టుకు విశ్రాంతి. ఓబులేష్ ఈ నియమాన్ని ఊపిరిలా పాటించేవాడు.

సోమవారం అతను గదులు కడిగాడు, మైకుల దుమ్ము తుడిచాడు. ఆ తరువాత సర్వరు ముందు కూర్చున్నాడు. ఏటా పండక్కి దాన్నీ శుభ్రం చేసేవాడు, పని తీరిన ముడి రికార్డింగులు చెరిపేసి కొత్తవాటికి చోటు చేసేవాడు. గిరిధర్ చెప్పినట్టు పెద్ద పనికి ముందు జాగ్రత్తగా స్నాప్‌షాట్ తీసి పెట్టుకున్నాడు. నోటుపుస్తకం తెరిచి, పేర్లు చదవకుండా టిక్కులున్న వరస నంబర్లే చూసుకుంటూ ఒక్కొక్కటీ చెరిపాడు. పద్దెనిమిది ఫోల్డర్లు. భాగీరథమ్మది పదకొండోది. రెండు డిస్కులూ కాడికి కట్టినట్టే నడిచి, రెండూ ఒకే క్షణంలో ఆమె గొంతును వదిలేశాయి.

స్నాప్‌షాట్‌ను టేపుకెక్కించేది పండగ అయినాక, ఎప్పటిలా శుక్రవారం సాయంత్రం అనుకున్నాడు. టేపులు అప్పటికే పూజకు పెట్టేశాడు మరి.

మంగళవారం పూజ. సర్వరును ఆపి, దానికి చామంతి మాల వేశాడు. మైకులకు గంధం, హెడ్‌ఫోనులకు అక్షింతలు. రెండు టేపులనూ పళ్ళెంలో ఉంచి పసుపు కుంకుమ అద్దాడు. టేపులను తిప్పి చదివే డ్రైవు దగ్గరికి వచ్చేసరికి దాని ముందు రేకు తలుపు మూసి ఉంది. తలుపు మీద బొట్టు పెడితే బయటికే గదా, లోపల తిరిగేదానికి చేరదు గదా అనిపించింది. ఎన్ని వందల పుస్తకాలను కాపాడిన యంత్రం! వేలితో రేకును పైకెత్తి, చిటికెడు కుంకుమ లోపలికి చల్లి కళ్ళు మూసుకున్నాడు. ప్రసాదం పట్టుకుని గురప్పకు, అలివేలుకు, పక్క టెక్ పార్కు గేటు దగ్గరి సెక్యూరిటీ వాళ్ళకు పంచి ఇంటికి వెళ్ళాడు.

గురువారం ట్రస్టు తెరిచేసరికి ముగ్గురు కాలేజీ అమ్మాయిలు సెలవుల్లో పుణ్యం కట్టుకుందామని వచ్చి కూర్చున్నారు. రెండు రోజులు ముగ్గురూ పోటీపడి చదివారు. రికార్డింగులు గంటలకు గంటలు నిండాయి. ఖాళీ అయిన చోటులో కొత్త గొంతులు పడ్డాయి. పడ్డ ప్రతిసారీ పాతది ముందుగా స్నాప్‌షాట్ పలక మీదికి ఎక్కింది. ఆ పలక చిన్నది. ఒక్క సాయంత్రం పనికని కేటాయించిన చోటు అది. శుక్రవారం మధ్యాహ్నానికే నిండిపోయింది.

అప్పుడే నంజప్ప వచ్చాడు. చేతిలో కొత్త ఖాళీ క్యాసెట్టు, ప్లాస్టిక్ కాగితం కూడా విప్పనిది.

"దసరా అయిపోయినాది అని వచ్చినా అప్పా. తొందరేం లేదు."

"కూర్చోన్నా, ఈ రోజే మొదలుపెడతా," అని ఓబులేష్ సర్వరులో ఆమె ఫోల్డరు కోసం చూశాడు. లేదు. ఇంకో చోట చూశాడు. లేదు. నోటుపుస్తకం తెరిచాడు. పచ్చ టిక్కు కనిపించింది. దాని అర్థం తలకెక్కడానికి అతనికి కాస్త సమయం పట్టింది.

ముందు భయపడలేదు. స్నాప్‌షాట్ ఉంది గదా. తెరవబోయాడు. తెరుచుకోలేదు. తెర మీద వచ్చిన వాక్యాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదివాడు: చెల్లదు.

టేపులున్నాయి. మొదటిది డ్రైవులో పెట్టాడు. యంత్రం కదిలింది. లోపల కర్రుమంటూ ఒక చప్పుడు. ఆ చప్పుడు అతనికి తెలుసు. ఆరేళ్ళు రీళ్ళ మధ్య బతికినవాడికి, పల్చటి రీలును గరుకైనది ఏదో గీస్తున్న చప్పుడు తెలియదా? అయినా చేతులు ఆగలేదు. మొదటిది చదవలేకపోతే రెండోది పెట్టాడు. అదీ అదే చప్పుడు చేసి ఆగిపోయింది. డ్రైవు మూత విప్పాడు. రీలును తాకి చదివే చిన్న మొన చుట్టూ ఎర్రగా, ముద్దగా, కుంకుమ.

"ఏమైనాది అప్పా?" బెంచీ మీద నుంచి నంజప్ప అడిగాడు.

"డ్రైవు... సల్ప సతాయిస్తా ఉండాదన్నా. నువ్వు ఇంటికి పో. నేనే వస్తా."

నంజప్ప క్యాసెట్టును బల్ల మీద ఉంచి వెళ్ళాడు.

శనివారం గిరిధర్ వచ్చి అంతా చూశాడు. డ్రైవులోకి టార్చి వేసి చూసి, నమ్మలేనట్టు తలెత్తాడు.

"ఓబులేష్ గారూ, దీని నోట్లో బొట్టు పెట్టారా?"

"పూజప్పా."

"పూజంటే... బయట పెట్టుకోవచ్చు కదండీ బాబూ! ఇది ఫైన్ పౌడర్. టేపుకి శాండ్‌పేపర్ లాంటిది. రెండు టేపులూ గీసుకుపోయాయి." కోపంగా మొదలుపెట్టిన మాట ఓబులేష్ ముఖం చూసి మధ్యలో ఆగిపోయింది. గిరిధర్ టార్చి ఆర్పాడు. తరువాత నెమ్మదిగా అన్నాడు. "తప్పు మీదొక్కరిదే కాదు. స్నాప్‌షాట్ నిండబోతుంటే వార్నింగ్ మెయిల్ వచ్చేలా పెట్టాను. అది నా పాత కంపెనీ ఐడీకి పోతోంది. జాబ్ మారాక మార్చడం మర్చిపోయాను. ఆ మెయిల్ వచ్చుంటే నేను గురువారమే ఫోన్ చేసేవాణ్ణి."

"ఇంక దారి లేదా?"

"డిస్కు మీద అడుగు బొడుగు ఏమైనా మిగిలిందేమో వెతుకుతా. హోప్ పెట్టుకోకండి."

తన ఇంట్లో, దేవుడి గూటి ముందు, ఓబులేష్ మూడు రోజులు తలెత్తలేదు. దీపం వెలిగించేవాడు, కుంకుమ భరిణె మాత్రం ముట్టుకునేవాడు కాదు. భార్య పిల్లమ్మ గమనించింది.

"స్వామి మీద అలిగినావా?"

"ఆయన మీద ఎందుకు అలుగుతా?"

"మరి? తెలిసి చేసినావా నువ్వు?"

"తెలిసి చేయలేదు. తెలుసుకోకుండా చేసినా. తలుపెత్తి చల్లేదానికి ముందు ఒక్క మాట గిరిధర్‌ని అడిగుంటే పోయేది."

పిల్లమ్మ భరిణె తనే తెరిచి, తన ఉంగరపు వేలితో అతని నుదుట బొట్టు పెట్టి, "పోయి చెప్పిరా. ఎంత ఆలస్యం చేస్తే అంత పాపం," అంది.

కుందలహళ్ళి ఇంట్లో భాగీరథమ్మ చిక్కుడుకాయల ఈనెలు తీస్తోంది. నంజప్ప కుర్చీ జరిపాడు. ఓబులేష్ కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాడు. టిక్కు సంగతి, చెరిపిన సంగతి, కుంకుమ సంగతి, ఒక్కటీ దాచలేదు. చెప్పేటప్పుడు ఎదురుగా గోడ క్యాలెండరు మీది అంకెలనే చూస్తూ చెప్పాడు.

చెప్పడం అయ్యేసరికి గింజ ఒకటి చేటలోంచి జారి నేల మీద దొర్లింది.

"నేను ఆ దినమే ఉన్నట్లే ఇమ్మంటి గదప్పా," అన్నాడు నంజప్ప. అంతే. ఆ ఒక్కసారే. ఆ తరువాత బతికినన్నాళ్ళూ ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. కాసేపటికి మామూలు గొంతుతో, "ఊట చేసినావా, అన్నం తింటివా?" అని అడిగాడు.

ఆ ప్రశ్నతో ఓబులేష్‌కు దుఃఖం ఆగలేదు. గుమ్మం పక్కన చతికిలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. భాగీరథమ్మ చేట పక్కన పెట్టి, నోటుబుక్కు తీసుకుని, గుండ్రటి పంతులమ్మ అక్షరాలతో రాసి అతని ముందుకు తోసింది: "కథలన్నీ మళ్ళీ రాసిస్తా. ఎవరైనా చదువుతారు. పిల్లకాయలకి కథ కావాల, నా గొంతు కాదు. ఏడవద్దు."

పిల్లలకు ఆ గొంతు అక్కర్లేదు, నిజమే. ఆమె రాసింది చదివి ఓబులేష్ తలెత్తినప్పుడు, నంజప్ప కిటికీ వైపు తిరిగి ఉన్నాడు.

గిరిధర్ రెండు ఆదివారాలు సర్వరు ముందే కూర్చున్నాడు. కొత్త రికార్డింగులు ఎక్కని మూలలన్నీ జల్లెడ పట్టాడు. దొరికినవన్నీ గురగురమనే చప్పుళ్ళు, వేరేవాళ్ళ పాఠాల తునకలు. రెండో ఆదివారం అతను హెడ్‌ఫోను తీసి, ఓబులేష్ చెవులకు పెట్టాడు. పదకొండు సెకన్లు. కథ కాదు. ఓబులేష్ కత్తిరించి పారేద్దామనుకున్న చోటు.

ఓబులేష్ దాన్ని ఒక్క దగ్గు కూడా తీయకుండా, నంజప్ప వదిలివెళ్ళిన క్యాసెట్టుకు ఎక్కించాడు. ముందు, వెనక ఖాళీగా వదిలేశాడు.

కార్తీకమాసంలో ఒక పొద్దున ఇద్దరూ కుందలహళ్ళి వెళ్ళారు. గిరిధర్ గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. భాగీరథమ్మ చాప మీద, నంజప్ప ఆమె పక్కన కుర్చీలో. ఓబులేష్ వాళ్ళ టేపురికార్డరులో క్యాసెట్టు పెట్టాడు.

"శానా చిన్నదన్నా. ఇంతే దొరికినాది."

"పెట్టప్పా."

కొంతసేపు గాలి చప్పుడు. ఒక దగ్గు. ఇంకో దగ్గు. తరువాత ఆ గరుకు గొంతు, గదిలో మనిషి మాట్లాడినంత దగ్గరగా:

"ఉండప్పా ఓబులేషప్పా, నిలుపు... ఏమండీ, వింటా ఉండారా? రవ్వంత నీళ్ళు తెస్తారా, గొంతు ఎండిపోతా ఉండాది."

"తెస్తా, ఉండు," అంటూ నంజప్ప లేచాడు. కుర్చీ వెనక్కి జరిగింది. గబగబా నాలుగు అడుగులు వేసి, వంటింటి గుమ్మం దగ్గర ఆగిపోయాడు. ఒక చెయ్యి తలుపు చెక్క మీద వేసి, వీపు ఇటువైపు పెట్టి, అలాగే నిలబడ్డాడు. క్యాసెట్టు ఖాళీగా తిరుగుతూనే ఉంది. ఓబులేష్‌కు దాన్ని ఆపాలని తోచలేదు. భాగీరథమ్మ భర్త వీపు వైపే చూస్తోంది. ఆమె మెడ దగ్గరి తెల్లగుడ్డ ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది.

తరువాత ఆయన లోపలికి వెళ్ళాడు. బిందె మూత తీసిన చప్పుడు, లోటా ముంచిన చప్పుడు వినిపించాయి. తిరిగి వచ్చి, తడి చేతిని పంచెకు తుడుచుకుని, లోటాను ఆమెకు అందించాడు.

ఆమెకు అప్పుడు దాహం లేదు. అయినా రెండు చేతులా అందుకుని, నిదానంగా, ఆయన చూస్తుండగా మొత్తం తాగింది.